తాత తవ్విన గుంట

మొన్న జనవరిలో ఒక శనివారం పొద్దున్నే తమ్ముడి కుటుంబంతో చెన్నైలో అడయారు పూంగాకు వెళ్లాను. పూంగా అంటే అరవంలో తోట. బోర్డు మీద పేరు తొల్కాప్పియ పూంగా, మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ అడయారు పూంగానే. నడుస్తూ నడుస్తూ మేనకోడలు ఒకచోట టక్కున ఆగింది. నీళ్ల మధ్యలో చిన్న మట్టిదిబ్బ, దాని మీద ఒక నీటికాకి తడిసిన రెక్కలు రెండూ చాపుకొని ఎండకు ఆరబెట్టుకుంటోంది. "అత్తా, దానికోసం ఆ దిబ్బ ఎవరు కట్టారు?" అని అడిగింది. ఎనిమిదేళ్ల పిల్ల. నేను ఏదో చెప్పబోయి ఆగిపోయాను, ఎందుకంటే దానికి సరిగ్గా జవాబు చెప్పాలంటే మా తాత దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఇంటికొచ్చాక కూడా అదే మనసులో తిరుగుతుంటే, సరే రాసి పెడదామని కూర్చున్నాను.

మాది వడ్డెర కుటుంబం. కావలి దగ్గర పల్లె. మట్టిపని మా వాళ్ల బతుకు: చెరువులు తవ్వడం, కట్టలు పోయడం, బావులు దించడం. వానలు లేని ఏడాది ఊళ్లో పని ఉండదు కాబట్టి తాత 1950లలో పలుగూ పారా భుజాన వేసుకొని మద్రాసు వచ్చేశాడు. ఇక్కడ చెరువులు తవ్వించేవాళ్లు లేరు గానీ ఇళ్లకు పునాదులు తవ్వే పని బోలెడంత ఉండేది. అలా రాజా అణ్ణామలైపురం వెనక వైపు, ఉప్పుటేరుకు దగ్గర్లో, మొదట గుడిసె, తర్వాత పెంకుటిల్లు. నేను పుట్టింది అక్కడే, 1972లో. ఇంట్లో నెల్లూరు తెలుగు, వీధిలో అరవం, బడిలో రెండూ. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి ఆంధ్ర మహిళా సభ మా ఇంటి నుంచి నడిచి వెళ్లే దూరం, కాబట్టి ఒంట్లో బాగాలేకపోతే తెలుగులో చెప్పుకోవడానికి ఒక చోటు ఉండేది. అదే రోడ్డులో సత్యా స్టూడియో. మేం పిల్లలం గేటు దగ్గర నిలబడి కార్లలో ఎవరు వస్తున్నారో చూసేవాళ్లం, కానీ నిజం చెప్తున్నా, స్టూడియో కంటే మమ్మల్ని ఎక్కువగా లాగింది వెనక ఉన్న ఆ నీళ్లే.

ఆ నీళ్ల సంగతి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. అడయారు నది మొత్తం 42 కిలోమీటర్లే, పెద్ద నదేమీ కాదు. సముద్రంలో కలిసే ముందు అది బాగా వెడల్పవుతుంది, ఒక పాయ క్విబుల్ ఐలాండ్ అనే లంకను చుట్టుకొని ఉత్తరం వైపు లోపలికి వస్తుంది, మా ఉప్పుటేరు అదే. దాంట్లో నది నీళ్లకంటే సముద్రం పోటే ఎక్కువ. పోటు వచ్చినప్పుడు నీళ్లు మెల్లగా లోపలికి పాకేవి, పాటు తీసినప్పుడు బురద బయటపడేది, ఆ బురద నిండా పీతల బొక్కలు. ఒక చెయ్యి పెద్దది, ఒక చెయ్యి చిన్నది ఉండే ఎర్ర పీతలు వందల్లో బయటికొచ్చి ఆ పెద్ద చెయ్యి ఊపేవి. మేం అడుగు వేస్తే చాలు, అన్నీ ఒక్కసారి మాయం. కదలకుండా ఉంటే మళ్లీ వస్తాయి. నాకు ఓపిక అనేది ఎవరైనా నేర్పారంటే ఆ పీతలే.

ఉప్పునేల అంచున లావుపాటి చిన్న ఆకులతో ఒక మొక్క నేలకు అంటుకొని పెరిగేది. అవ్వ దాన్ని కోసుకొచ్చి, ఉడకబెట్టి నీళ్లు వంచేసి, పప్పులో వేసేది. ఆ రోజు పప్పులో ఉప్పు వెయ్యనక్కర్లేదు. ఆ రుచి నాకు ఇప్పటికీ నాలుక మీద ఉంది.

ఇక గుంట. మద్రాసులో నీళ్ల కరువు అంటే ఎలా ఉండేదో నా వయసు వాళ్లకు చెప్పక్కర్లేదు. వీధి పంపు దగ్గర అర్ధరాత్రి నుంచి బిందెల వరస. ఒక ఎండాకాలం, నాకు పదేళ్లు దాటి ఉంటాయి, తాత ఉప్పుటేరు నుంచి అరవై డెబ్బై అడుగులు ఇవతల ఇసుకనేలలో తవ్వడం మొదలుపెట్టాడు. ఉప్పునీళ్ల పక్కన తవ్వితే ఉప్పునీళ్లే కదా వచ్చేది అని మా నాయన విసుక్కున్నాడు. తాత ఏం మాట్లాడలేదు. మోకాలి లోతు తవ్వి, ఇంకొంచెం వెడల్పు చేసి, ఆపేశాడు. తెల్లారేసరికి అందులో నీళ్లు ఊరాయి. తియ్యటి నీళ్లు. "ఇంకా లోతుగా తవ్వితే ఇంకా ఎక్కువ వస్తాయి కదా తాతా" అంటే, "వస్తాయమ్మీ, ఉప్పువి వస్తాయి" అన్నాడు.

అప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత సైన్సు టీచరునై పిల్లలకు చెప్పాల్సి వచ్చినప్పుడు అర్థమైంది. వాననీళ్లు ఇసుకలోకి దిగి కింద ఉన్న ఉప్పునీళ్ల మీద తేలుతూ ఉంటాయి, తియ్యనీళ్లు తేలిక, ఉప్పునీళ్లు బరువు. పైపైన తీసుకుంటే తియ్యవి దొరుకుతాయి, ఆశపడి లోతుకు పోతే కిందివి పైకి పొంగుతాయి. ఏటి ఇసుకలో చెలమ తీసుకునే పల్లెటూరి వాళ్లందరికీ ఎంత తవ్వాలో చేతికి తెలుసు. తాతకు బరువు, సాంద్రత అనే మాటలు తెలియవు, మోకాలి లోతు తెలుసు.

ఆ గుంటకు ఇంకో రెండు విశేషాలు ఉన్నాయి. ఒకటి, తాత గట్టును ఎక్కడా నిలువుగా కొయ్యలేదు. మూడు వైపులా పళ్లెం అంచులాగా వాలుగా తీశాడు. "నిలువుగా కోస్తే కుక్కపిల్ల పడినా బయటికి రాలేదు, వాలుగా ఉంటే కోడిపిల్ల కూడా దిగి తాగి పోతుంది" అనేవాడు. ఆ వాలు వల్లే గుంట అంచుల్లో ఒక జానెడు లోతు నీళ్లు ఎప్పుడూ ఉండేవి, అందులో తుంగ మొలిచింది, కప్పలు చేరాయి, కప్పల కోసం గుడ్డికొంగ వచ్చింది, తూనీగలు వచ్చాయి, ఇదంతా రెండు వానాకాలాల్లో. ఎవరూ తెచ్చి వెయ్యలేదు.

రెండోది, మధ్యలో ఒక మట్టి దిమ్మ. చెరువు పని చేసినవాళ్లకు ఇది తెలుసు. కూలి కొలత మీద ఇస్తారు కాబట్టి, ఎంత లోతు తవ్వారో చూపించడానికి పాత నేల మట్టం దాకా అక్కడక్కడ దిమ్మలు వదిలేస్తారు. ఓవర్సీయరు వచ్చి దిమ్మ ఎత్తు కొలిచి లెక్క కడతాడు. మా గుంటకు ఓవర్సీయరు లేడు, కూలీ లేదు, అయినా తాత అలవాటు చొప్పున మధ్యలో ఒక దిమ్మ వదిలేశాడు. దాని మీద రోజూ పొద్దున ఒక లకుముకి పిట్ట వచ్చి కూర్చునేది. నీళ్లలోకి చూస్తూ, చూస్తూ, ఒక్క దూకు. మళ్లీ దిమ్మ మీదికి, నోట్లో చేప. "నా పని కొలిచేది ఇదే" అని తాత దాన్ని చూపించేవాడు. మా ఇంట్లో దాని పేరు ఓవర్సీయరే అయిపోయింది.

1989లో గాలివానకు అడయారు పెద్ద మర్రిచెట్టు మొదలు కూలిపోయిందని తెలిసి తాత నన్ను తీసుకొని నది దాటి దివ్యజ్ఞాన సమాజం తోటకు వెళ్లాడు. వందల ఏళ్ల చెట్టు. తాత చాలాసేపు ఊడల మధ్య తిరిగి, "మొదలు పోయినా ఊడలు నిలబడినాయి, బతుకుతుంది" అన్నాడు. అలాగే బతికింది. నేను తాతతో కలిసి అంత దూరం నడవడం అదే చివరిసారి.

ఆ తర్వాత రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. 90ల్లో నగరం పెరిగింది, పాత ఇళ్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టడం మొదలైంది, ఆ ఇటుకలు, పెంకులు, సిమెంటు పెళ్లలు, అన్నీ ఎక్కడికి పోవాలి? రాత్రిపూట లారీలు ఉప్పుటేరు ఒడ్డుకు వచ్చి గుమ్మరించి వెళ్లిపోయేవి. చెత్త కూడా తోడైంది, మురుగు కాలువలు వచ్చి కలిశాయి. పోసిన మట్టి మీద సర్కారు తుమ్మ లేచింది, దాని కింద గడ్డి కూడా బతకదు. ఒక వారం రోజుల్లో మా గుంట కనపడకుండా పోయింది. ఏ లారీ, ఎవరిది, అడిగేవాళ్లు లేరు. తాత కర్ర పట్టుకొని వెళ్లి ఆ కుప్పల దగ్గర కూర్చున్నాడు. నాయన వెళ్లి "రా నాయనా, ఇంటికి పోదాం" అంటే, "అది గుంటరా, ఖాళీ జాగా కాదు" అన్నాడు. ఇంకేం అనలేదు. ఆ మాట నేను ఎన్ని మీటింగుల్లో, ఎంతమంది దగ్గర అనాలనుకున్నానో! నీళ్లున్న చోటును ఖాళీ స్థలం అని కాగితాల్లో రాసుకోవడంతోనే సగం చెరువులు పోయాయి.

కొందరు పౌరులు కోర్టు దాకా వెళ్లి కొట్లాడారు, అందుకే ఆ మాత్రం జాగా మిగిలింది, వాళ్లకు నేను చేతులెత్తి దండం పెడతాను. అప్పటికి తాత పోయాడు. నాకు పెళ్లయి అంబత్తూరు వెళ్లాను, తెలుగు మీడియం స్కూల్లో ఉద్యోగం వచ్చింది, నాయన కూడా ఆ ఇల్లు వదిలేశాడు. 2004 డిసెంబరులో సునామీ వచ్చి, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర శ్రీనివాసపురాన్ని ముంచినప్పుడు తప్ప ఆ వైపు వెళ్లడమే మానేశాను. ఆ రోజు మాత్రం చిన్నప్పటి స్నేహితుల కోసం పరుగెత్తాను.

2006లో ప్రభుత్వం అడయారు పూంగా ట్రస్టు పెట్టిందని, ఆ చెత్తంతా తీసి మళ్లీ నీటి గుంటలు చేస్తారని విన్నప్పుడు నేను నమ్మలేదు. పూంగా అన్నారు కాబట్టి నాలుగు సిమెంటు బల్లలు, ఒక ఫౌంటెను, రంగు లైట్లు అనుకున్నాను. తర్వాత ఒకరోజు, 2009 ప్రాంతంలో అనుకుంటా, పని మీద అటు వెళ్తూ కంచె సందుల్లోంచి చూశాను. పొక్లెయిన్లు సిమెంటు పెళ్లలు ఎత్తి లారీల్లో పోస్తున్నాయి. ఒకప్పుడు తెచ్చి పోసిన లారీలు ఇప్పుడు ఎత్తుకుపోతున్నాయి! ఒక పక్కన మనుషులు పారలతో గట్టు చెక్కుతున్నారు, మాటలు వింటే శ్రీకాకుళం యాస. "గట్టు నిలువుగా తియ్యకుండా అలా వాలుగా తీస్తున్నారేం బాబూ" అని కంచె బయటి నుంచే అడిగాను. "అలాగే తియ్యమన్నారమ్మా, మా ఊళ్లో చెరువులూ ఇలాగే కదా ఉంటాయి" అన్నాడు ఒకాయన, పని ఆపకుండానే. నేను రోడ్డు మీద నిలబడి ఏడ్చాను.

2011 జనవరిలో దాన్ని తెరిచారు. 58 ఎకరాలు, అందులో సగానికి పైనే నీళ్లు. మొదట్లో ఎవరు పడితే వాళ్లు ఎప్పుడు పడితే అప్పుడు వెళ్లడానికి లేదు, బడి పిల్లలు ముందుగా చెప్పుకొని బృందాలుగా వెళ్లాలి, వెంట గైడు ఉంటారు. చాలామంది అప్పుడు గొణిగారు, మన డబ్బుతో కట్టి మనల్ని రానివ్వరా అని. నాకు మాత్రం ఆ పద్ధతి నచ్చింది. కొత్తగా నాటిన మొక్కకు చుట్టూ ముళ్లకంప కట్టమా ఏంటి?

మరుసటి ఏడాది మా ఎనిమిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్లాను. గైడు అరవంలో చెప్తుంటే నేను తెలుగులో చెప్పాను, మధ్యలో మా తాత మాటలు కూడా కలిసిపోయాయి, అది వేరే సంగతి. పని ఎలా చేశారో వింటుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది. మొదట ఏళ్ల తరబడి పోగైన శిథిలాలు, చెత్త తీశారు. సర్కారు తుమ్మ వేళ్లతో సహా పీకారు. గుంటలన్నీ ఒకే లోతులో తవ్వలేదు, కొన్ని లోతు, కొన్ని జానెడు, ఎందుకంటే ముక్కుపొడుగు పిట్టలు బురదలో నిలబడి ఏరుకు తింటాయి, నీటికాకి మునిగి వేటాడుతుంది, రెండింటికీ ఒకే నీళ్లు సరిపోవు. వాననీళ్లు నిలిచే గుంటలు వేరు, పోటు నీళ్లు వచ్చి పోయే ఉప్పు గుంటలు వేరు. ఉప్పు అంచున మడ మొక్కలు, గట్ల మీద ఈ తీరానికి చెందిన చెట్లే, వందకు పైగా రకాలు. పుదుచ్చేరి దగ్గర ఆరోవిల్‌లో బంజరు నేలను అడవి చేసిన పిచ్చాండికులం ఫారెస్ట్ వాళ్లు ఈ పనికి దారి చూపించారు. కొన్ని గుంటల మధ్యలో మట్టిదిబ్బలు వదిలారు, కుక్కలూ మనుషులూ వెళ్లలేని చోటు ఉంటే పిట్టలు నిర్భయంగా వాలతాయని.

దిమ్మ! మా తాత దిమ్మ. ఆయన కొలతకు వదిలాడు, వీళ్లు పిట్టలకు వదిలారు.

ఆ రోజు పిల్లల్ని చూడాలి మీరు. అంబత్తూరు పారిశ్రామికవాడలో పనిచేసే వాళ్ల పిల్లలు, ఆడుకోవడానికి రోడ్డు తప్ప ఇంకేమీ లేనివాళ్లు. మొదట గోల గోల. పీతల దగ్గరికి వచ్చాక కదలకుండా ఉండండిరా అని చెప్పాను. నలభై మంది అయిదు నిమిషాలు ఊపిరి బిగబట్టుకొని నిలబడ్డారు. పీతలు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. క్లాసులో నేను ఎన్ని కేకలేసినా రాని నిశ్శబ్దం అది. వాళ్లకు ప్రతి పిట్టా కొంగే, లేకపోతే కాకే. వెళ్లేటప్పటికి గుడ్డికొంగ, నారాయణ పక్షి, లకుముకి, నీటికోడి అని పేర్లు పెట్టి పిలుస్తున్నారు. ఒక పిల్ల మాత్రం చివర్లో నా దగ్గరికొచ్చి "టీచర్, మీ తాత తవ్విన గుంట వీటిలో ఏది?" అని అడిగింది. నేను చుట్టూ చూశాను. చూపించలేకపోయాను. ఆనవాళ్లన్నీ మారిపోయాయి, అటూ ఇటూ పెద్ద కట్టడాలు లేచాయి.

2015 డిసెంబరు 1 రాత్రి చెంబరంబాక్కం చెరువు నుంచి 29,000 క్యూసెక్కులు వదిలారు, అడయారు పొంగి సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట, కొట్టూర్‌పురం మునిగాయి. జాఫర్‌ఖాన్‌పేటలో తమ్ముడి ఇంట్లో మెడలోతు నీళ్లు, మరదలు నిండు గర్భిణి, రాత్రంతా మేడ మీద. ఫోను కలవక మాకు రెండు రోజులు తిండి లేదు. ఆ వరద గురించి ఎవరు మాట్లాడినా గేట్లు ఎప్పుడు ఎత్తారు అనే దగ్గరే ఆగుతారు. నేను ఆగలేను. ఈ నదిలోకి దాదాపు 200 చెరువుల మిగులు నీళ్లు వస్తాయి. ఒక్కో చెరువూ ఒక్కో గుంటా తన వంతు నీళ్లు పట్టి ఉంచితే నదికి ఆ రాత్రి అంత బరువు ఉండేది కాదు. తమ్ముడు ఇప్పటికీ వాన పడితే నిద్రపోడు. నీటికాకి దిబ్బ గురించి అడిగింది ఆ తర్వాత పుట్టిన రెండో పిల్ల.

ఇప్పుడు నగరంలో చెరువు బాగుచేయడం అంటే అందరికీ ఉత్సాహమే, మంచిదే. చెట్‌పట్‌లో పాడుపడ్డ చెరువును 2016లో బాగుచేసి పడవలు పెట్టారు, చేపలు పట్టుకోవడానికి చోటు ఇచ్చారు, సాయంత్రం అక్కడ ముసలివాళ్లు నడుస్తుంటే, పిల్లలు పడవలెక్కి అరుస్తుంటే నాకు ఎంత బాగుంటుందో. జనం ఆనందంగా రాని చెరువును ఎవరూ కాపాడరు, ఇది నా గట్టి నమ్మకం. తలుపులు మూసిన నీళ్ల మీద మళ్లీ ఎవరో ఒకరు లారీ గుమ్మరిస్తారు. కానీ నడిచే బాట చెరువు చుట్టూ నాలుగు వైపులా వెయ్యొద్దని కనిపించిన ప్రతివాళ్లకూ చెప్తున్నాను. ఒక వైపు మనకు, మిగతా వైపులు వాటికి. గట్టుకు నిలువుగా రాళ్లు పేర్చి సిమెంటు పుయ్యొద్దు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, అందులో కప్ప కూడా ఎక్కలేదు. రాత్రి పూట లైట్లు వద్దు. మాట వినే ఇంజనీర్లు ఉన్నారు, విననివాళ్లూ ఉన్నారు. అడుగుతూనే ఉండాలి.

పూంగాలో అంతా బాగైపోయిందని నేను చెప్పను. ఎండాకాలంలో మొగ దగ్గర ఇసుక మేట వేసి పోటు నీళ్లు లోపలికి రావడం తగ్గుతుంది, అప్పుడు పైనుంచి వచ్చే మురుగు కదలక వాసన కొడుతుంది. ఎన్ని మడ మొక్కలు నాటినా, పైన కాలువల్లోకి వదిలే మురుగును ఆపకపోతే గుంటలు ఎంతకాలం మోస్తాయి? మొగ తియ్యాలి, పూడిక తియ్యాలి, గుర్రపుడెక్క ఏరాలి, ఇది ప్రతి ఏటా పని. మా వాళ్ల లెక్కలో చెరువు తవ్వడం ఒక ఏడాది పని, చూసుకోవడం తరాల పని.

సరే, శనివారానికి వస్తాను. మేనకోడలికి అక్కడే బాట పక్కన కూర్చోబెట్టి తాత కథ మొత్తం చెప్పాను. మోకాలి లోతు ఎంతో తన మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంది. "నీ మోకాలు కాదే, తాత మోకాలు" అన్నాడు తమ్ముడు. గట్టు అంచున, ఉప్పునేల మీద, లావుపాటి చిన్న ఆకుల మొక్క కనిపించింది. అవ్వ పప్పులో వేసేదే. అక్కడ ఆకు కొయ్యకూడదు కాబట్టి కొయ్యలేదు, వంగి చూపించాను, రుచి ఎలా ఉంటుందో చెప్పాను. ఉప్పు వెయ్యకుండానే ఉప్పగా ఉంటుందంటే నమ్మలేదు ఆ పిల్ల. తమ్ముడు మాత్రం ఏం మాట్లాడకుండా దిబ్బ వైపే చూస్తున్నాడు. నీటికాకి ఎప్పుడో ఎగిరిపోయింది. కాసేపటికి అదే దిబ్బ మీదికి ఎక్కడినుంచో ఒక లకుముకి వచ్చి వాలింది.

"అక్కా, ఓవర్సీయరు వచ్చాడు" అన్నాడు తమ్ముడు.